ఎండ రాని ఇంటి ముందు మడికి ఏ మొక్కలు? రెండు వానాకాలాల తర్వాత నా రివ్యూ

ఇది ఒక నర్సరీ గురించిన రివ్యూ. దానితోపాటు అక్కడ కొన్న మొక్కలు మా ఇంటి ముందు ఒక్కొక్కటీ ఎలా బతికాయో కూడా రాస్తున్నాను, ఎందుకంటే మొక్కల కొట్టు మంచిదో కాదో కొన్న రోజున తెలియదు, రెండు వానాకాలాలూ మధ్యలో ఒక వేసవీ గడిస్తే గానీ తెలియదు.

మాది బెంగళూరులో రామమూర్తినగర్ వైపు, ఉత్తరం వాకిలి ఇల్లు. కాంపౌండ్ గోడ లోపల పద్నాలుగు అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మడి ఉంది. ఎదురుగా నాలుగంతస్తుల బిల్డింగు, ఫుట్‌పాత్ మీద పెద్ద కానుగ చెట్టు, ఇక్కడి వాళ్లు హొంగె అంటారు. ఆ చెట్టు కొమ్మలు సగం మడి మీదికి వంగి ఉంటాయి. చల్లగా ఉంటుంది, చాలా ఇష్టం, కానీ మడిలో ఏదీ నిలిచేది కాదు.

మొదట 2023 జూన్‌లో ఒక గార్డెనింగ్ సర్వీసు వాళ్లని పిలిచాం. పేరు రాయను. 'లో మెయింటెనెన్స్ గార్డెన్' ప్యాకేజీ, 18,500 రూపాయలు, 42 మొక్కలు, అన్నీ కలిపి ఒక్క రోజులో పెట్టేసి వెళ్లారు. ఆ సాయంత్రం చూస్తే ఎంత బాగుందో! ఆకుల అందానికి పెంచే ఎర్ర అగ్లోనిమాలు, రంగురంగుల క్రోటన్లు, రెండు మందారాలు, గోడ పొడవునా నూరువరహాలు, మొక్కల మధ్యలో నల్ల గుడ్డ పరిచి దాని మీద తెల్ల గులకరాళ్లు. మూడు నెలల్లో క్రోటన్ల రంగు పోయి ఆకుపచ్చగా, పొడుగ్గా, బక్కగా తయారయ్యాయి. మందారం ఒక్క పువ్వు పూయలేదు. నూరువరహాలు ఆకులు రాల్చుకుంటూ పోయాయి. ఇవన్నీ ఎండ మొక్కలు, రోజుకి ఐదారు గంటలు నేరుగా ఎండ తగలాల్సినవి, వాటిని తెచ్చి నీడలో పెట్టారు. ఇక ఆ గులకరాళ్ల సంగతి. కానుగ ఏడాది పొడవునా ఏదో ఒకటి రాలుస్తూనే ఉంటుంది, ఉగాది ముందు ఆకులు, తర్వాత పూలు, ఆ తర్వాత కాయలు. మట్టి మీద పడితే అవి ఎరువవుతాయి. తెల్ల రాళ్ల మీద పడితే రోజూ కూర్చుని ఏరాలి. మా అత్తయ్య మోకాళ్ల నొప్పులతో రోజూ పొద్దున్నే ఆ పనే చేస్తుంటే చూడలేక, నేనే ఆ రాళ్లన్నీ తీయించేశాను.

2024 మార్చిలో బెంగళూరు నీటి కష్టం అందరికీ గుర్తుండే ఉంటుంది. బోర్లు ఎండిపోయాయి, ట్యాంకర్ కోసం రోజుల తరబడి ఎదురుచూశాం, తాగే నీళ్లు మొక్కలకి పోస్తే 5,000 రూపాయల ఫైన్ అని జలమండలి ఆర్డరు ఇచ్చింది. సరైన ఆర్డరే. సంపులో అడుగున నాలుగు బిందెల నీళ్లు ఉన్నప్పుడు గార్డెన్ గురించి ఎవరు ఆలోచిస్తారు? ఆ ఏప్రిల్ 28న ఎండ 38.5 డిగ్రీలకి వెళ్లింది, ఈ ఊళ్లో అది చాలా ఎక్కువ. మే నెలాఖరుకి 42 మొక్కల్లో ఆరు మిగిలాయి. ఆ ఆరింటినీ గుర్తుపెట్టుకోండి: నాలుగు స్నేక్ ప్లాంట్లు (కత్తుల్లా నిటారుగా పెరిగే దళసరి ఆకులవి), రెండు స్పైడర్ ప్లాంట్లు (గడ్డిలా సన్నటి ఆకులవి). మిగతా మొక్కల మధ్య ఖాళీ కనిపించకూడదని ఏదో ఒక మూల పెట్టినవి.

అప్పుడు ఒక కొలీగ్ చెబితే లాల్‌బాగ్ పక్కన సిద్దాపుర వెళ్లాను. అక్కడ రోడ్డు పొడవునా నర్సరీలు ఉంటాయి. నేను రివ్యూ రాస్తున్నది వాటిలో చాలా చిన్న కొట్టు గురించి, బోర్డు కూడా లేదు, పైన ఆకుపచ్చ నెట్టు, లోపల ఒక పెద్దాయన, ఆయన కొడుకు. నేను తెలుగులో ఫోన్ మాట్లాడుతుంటే విని తెలుగులోనే పలకరించారు, కోలారు వైపు తెలుగు. "నీడ మొక్కలు కావాలి అన్నా, నీళ్లు ఎక్కువ పోయలేను" అన్నాను. వెంటనే మొక్కలు చూపిస్తారనుకున్నాను. ఆయన అడగడం మొదలుపెట్టారు. "ఇల్లు ఏ దిక్కుకుండాది మా? చెట్టు కిందా, బిల్డింగు నీడా? చెట్టు కింద మట్టి తడిగుంటాదా, ఎండిపోతాదా? మే నెల్లో ఎండ యాడ పడతాది?"

ఆఖరి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఉత్తరం వైపు కదా, ఎండే పడదు అన్నాను. పడుతుందన్నారు. తర్వాత ఆలోచిస్తే ఎంత నిజమో అర్థమైంది. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ 24 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 18 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, పిల్లలకి స్కూల్లో జీరో షాడో డే అని చూపిస్తారే, అదే. ఆ రెండు తేదీల మధ్య మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపున ఉంటాడు. అంటే ఏడాదంతా నీడలో ఉండే ఉత్తరపు మడి మీద, సరిగ్గా వేసవి ముదిరిన రోజుల్లో నేరుగా ఎండ పడుతుంది! జూన్ నుంచి మబ్బులు కమ్ముతాయి కాబట్టి అసలు దెబ్బ ఏప్రిల్ చివర నుంచి మే అంతా. మా ఎర్ర అగ్లోనిమాల ఆకులు మేలో కాగితంలా ఎందుకు కాలిపోయాయో అప్పటిదాకా నాకు తెలియలేదు.

ఆ రోజు ఆయన నాకు మొక్కలు అమ్మలేదు. ఇంటి ముందు పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం నాలుగుకి ఫోటోలు తీసి పట్టుకు రమ్మన్నారు. వాన వచ్చినప్పుడు సన్‌షేడ్ నుంచి నీళ్లు ఎక్కడ కారతాయో కూడా చూడమన్నారు. మా కేఆర్ పురం వైపు నుంచి సిద్దాపురకి ట్రాఫిక్‌లో గంటన్నర, మళ్లీ రావాలా అని కోపం వచ్చిన మాట నిజం. మళ్లీ వెళ్లాను. ఈ రివ్యూలో నేను అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వేసేది ఆ మొదటి రోజు అమ్మకపోవడానికే.

ఫోటోలు చూసి ఆయన మా మడిని మూడు ముక్కలు చేశారు. కానుగ కింద ఎనిమిది అడుగులు పొడి నీడ: చెట్టు వేళ్లు నీళ్లన్నీ లాగేస్తాయి, చిన్న వాన పడితే ఆకులే ఆపేస్తాయి, మట్టి తడవదు. సన్‌షేడ్ అంచు కింద, కుళాయి పక్కన మూడడుగులు తడి నీడ. తూర్పు చివర మూడడుగులకి పొద్దున రెండు మూడు గంటల ఎండ. నర్సరీలో 'షేడ్ ప్లాంట్' అని అన్నిటికీ ఒకటే ముద్ర వేసి అమ్ముతారు, కానీ తడి నీడలో పెరిగే ఫెర్న్ పొడి నీడలో పది రోజుల్లో మాడిపోతుంది, పొడి నీడలో బతికే స్నేక్ ప్లాంట్ తడి నీడలో కుళ్లిపోతుంది. రెండూ నీడ మొక్కలే. నేను పోగొట్టుకున్న 18,500కి అసలు కారణం ఇది ఎవరూ అడగకపోవడం.

2024 జూలైలో, వానలు బాగా పట్టాక నాటాం. మొత్తం 4,100 రూపాయలు అయ్యింది, అందులో మట్టి కలపడానికి వర్మీకంపోస్ట్, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కూడా ఉన్నాయి. పెద్ద కుండీల్లో ఉన్నవి వద్దని, చిన్న కవర్లలోవి ఇచ్చారు. కానుగ వేళ్ల మధ్య పెద్ద గుంట తవ్వలేం, లావు వేరు నరికితే చెట్టుకి దెబ్బ, చిన్న మొక్కైతే వేళ్ల సందుల్లో ఇమిడిపోతుంది. ఇంకో మాట గట్టిగా చెప్పారు: మడి ఎత్తు పెంచుదామని చెట్టు మొదలు చుట్టూ మట్టి పోయొద్దు, బెరడు కుళ్లుతుంది.

ఇక్కడ ఒక విషయం, మన వాళ్లకి తప్పక చెప్పాలి. నేను గోదావరి జిల్లా దాన్ని. బెంగళూరు నర్సరీల్లో మన కడియం నుంచి లారీల్లో వచ్చిన మొక్కలు చాలానే ఉంటాయి, కవరు పట్టుకుని మట్టి చూస్తేనే నాకు తెలిసిపోతుంది. అక్కడి మట్టి జిగురు ఒండ్రు, వేళ్ల చుట్టూ ముద్దగా పట్టి ఉంటుంది, ప్రయాణానికి అది మంచిది. కానీ ఆ ముద్దని అలాగే ఇక్కడి ఎర్రమట్టిలో పెడితే, ఒకసారి ఎండిందంటే రాయిలా గట్టిపడుతుంది, మనం పోసిన నీళ్లు దాని పక్క నుంచి జారిపోతాయి, పైన మట్టి తడిగా కనిపిస్తుంది, లోపల వేరు దాహంతో చస్తుంది. నాటే ముందు అరగంట బకెట్ నీళ్లలో ఉంచి, మెత్తబడ్డాక పైపైన మట్టిని వేళ్లతో నెమ్మదిగా విడదీసి, అప్పుడు పెట్టాలి. పెద్దాయన కొడుకు నా ముందే రెండు మొక్కలకి చేసి చూపించాడు. మిగతా అన్నిటికీ ఇంట్లో నేనే చేశాను. నాటిన 38 మొక్కల్లో పోయినవి ఐదు.

ఇప్పుడు ఒక్కో మొక్క సంగతి.

స్నేక్ ప్లాంట్‌కి సాటి లేదు. పాతవి నాలుగు, కొత్తవి ఎనిమిది, కానుగ కింద రెండు వరసలుగా పెట్టాం. వేసవిలో రెండు వారాలకి ఒకసారి నీళ్లు పోశాను, ఒకసారి ఊరెళ్లి ఇరవై ఆరు రోజులు రాలేదు, ఏమీ కాలేదు. దాని ఆకుల్లోనే నీళ్లు దాచుకుంటుంది. నీడలో పెరుగుదల మాత్రం నెమ్మది, మొదటి ఏడాది ఏమీ జరగనట్టే ఉంటుంది, రెండో వానాకాలంలో పక్కనుంచి పిలకలు మొదలయ్యాయి. ఒక్కటే జాగ్రత్త, సన్‌షేడ్ నీళ్లు కారే చోట పెట్టొద్దు. నేను మాట వినకుండా అందంగా ఉంటుందని ఒకటి అక్కడ పెట్టాను, సెప్టెంబరు వానలకి మొదలు దగ్గర మెత్తబడి పడిపోయింది.

స్పైడర్ ప్లాంట్ కవరు 40 రూపాయలు, పది తీసుకున్నాను. పెట్టిన డబ్బుకి ఇంతకన్నా లాభం ఇంకేదీ ఇవ్వదు. దాని వేళ్లు తెల్లగా ముల్లంగి పిల్లల్లా లావుగా ఉంటాయి, నీళ్లు అందులో ఉంటాయి, అందుకే పొడి నీడ తట్టుకుంటుంది. తీగలు చాపి పిల్లలు పెడుతుంది, ఆ పిల్లని మట్టి మీద ఆనిస్తే చాలు, అదే పట్టుకుంటుంది. పది కాస్తా ఇప్పుడు మడి అంచు మొత్తం కప్పేసింది. ఇంట్లో కుక్కలు, పిల్లులు, పాకే పిల్లలు ఉన్నవాళ్లకి ఇది నిశ్చింత, విషం లేదు. లోపం ఏమిటంటే ఆకు కొనలు గోధుమరంగుకి మారతాయి. నీళ్లు తక్కువై అనుకుని ఇంకా పోశాను, ఎక్కువైంది. చివరికి తేలింది, నేను పోస్తున్నవి వాటర్ ఫిల్టర్ నుంచి వదిలేసే నీళ్లు. బోరు నీళ్లలో ఉప్పు ఎలాగూ ఎక్కువ, ఫిల్టర్ వదిలే నీళ్లలో ఆ ఉప్పు ఇంకా చిక్కబడి ఉంటుంది. వాటితో వాకిలి కడుక్కోండి, మొక్కలకి వద్దు. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు పోయడం మొదలుపెట్టాక కొత్త ఆకులు శుభ్రంగా వచ్చాయి.

జెడ్‌జెడ్ మొక్క చిన్నదే 220 రూపాయలు, మూడే తీసుకున్నాను. ఆకులు కడిగి తుడిచినట్టు మెరుస్తాయి. కింద బంగాళాదుంపల్లాంటి దుంపలు, అందులో నీళ్లు. దీన్ని చంపేది మన ప్రేమే, నీళ్లు ఎక్కువైతే దుంప కుళ్లుతుంది. ఒకటి అలా పోయింది, మా వారు రోజూ మగ్గుతో పోసేవారని తర్వాత తెలిసింది.

ఆకుపచ్చ అగ్లోనిమా, ఎర్రది కాదు, ఆకు మీద వెండి మచ్చలుండేది. ఎర్రవాటికి రంగు నిలవాలంటే వెలుతురు బాగా ఉండాలి, పచ్చవి మాత్రం చీకటి మూలల్లో కూడా నిండుగా ఉంటాయి. మే ఎండ పడని చోట, చెట్టు మొదలుకి దక్షిణంగా, గోడ దగ్గర పెట్టించారు. బాగున్నాయి. ఇవి స్నేక్ ప్లాంట్ అంత మొండివి కావు, వారానికి ఒకసారి తడపాలి, చలికాలంలో ఆకు మడతల్లో పిండినల్లి పట్టింది, సబ్బు నీళ్లతో తుడిస్తే రెండు వారాల్లో పోయింది.

తడి నీడలో ఫెర్న్ ఆరు. కుళాయి పక్కన ఉన్నవి పొదలయ్యాయి, అడుగు దూరంగా ఉన్నవి రెండు ఎండిపోయాయి. అడుగు తేడా అంతే! పీస్ లిల్లీ కూడా అక్కడే, నీళ్లు తగ్గగానే తలలు వాల్చేస్తుంది, పోస్తే కొన్ని గంటల్లో లేస్తుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ లో మెయింటెనెన్స్ అనను. సింగోనియం అనే తీగమొక్క వద్దనే చెబుతాను, చావదు, నిజమే, కానీ నెలకోసారి కత్తిరించకపోతే పక్క మొక్కలన్నిటి మీదికీ ఎక్కేస్తుంది, పనిలేకుండా ఉండాలని కోరుకునేవాళ్లకి అది పనే. పెద్ద మచ్చల ఆకులుండే డిఫెన్‌బేకియా ఇవ్వబోయి, ఇంట్లో రెండేళ్ల పాప ఉందని చెబితే ఆయనే వెనక్కి పెట్టేశారు. దాని ఆకు నమిలితే నోరు, నాలుక వాచిపోతాయి. నిజానికి అగ్లోనిమా, సింగోనియం, పీస్ లిల్లీ, జెడ్‌జెడ్ కూడా అదే కుటుంబం, నోట్లో పెట్టుకుంటే మంటే, అందుకే మా పాప చెయ్యి అందే ముందు వరసలో స్పైడర్ ప్లాంట్లే పెట్టాం.

అత్తయ్యకి ఇదంతా మొదట నచ్చలేదు. "అన్నీ ఆకులేనా, పూజకి ఒక్క పువ్వు వద్దా?" అన్నారు. న్యాయమైన మాట. తెలుగు ఇంటి ముందు పూలు లేకపోతే ఏదో వెలితి. తూర్పు చివర ఆ మూడడుగుల్లో ముద్ద నందివర్ధనం ఒకటి, కనకాంబరాలు నాలుగు పెట్టాం. నందివర్ధనం పొద్దుటి ఎండ రెండు గంటలు తగిలితే చాలు, ఎండలో పూసినన్ని పూయదు, రోజుకి ఆరేడు పూలు, దేవుడికి సరిపోతాయి. కనకాంబరం ఈ చెట్టునీడ వెలుతురులో హాయిగా ఉంది, రెండు రోజులకోసారి చిన్న మాల అవుతుంది. ఒక మొక్క కారణం లేకుండా వాడి చచ్చిపోయింది, పీకి చూస్తే వేళ్ల నిండా బొడిపెలు, నులిపురుగులు. ఆ చోట మళ్లీ కనకాంబరం పెట్టలేదు. కుళాయి పక్క గోడ మీదికి తమలపాకు తీగ పాకించాం, నీడా తడీ రెండూ దానికి ఇష్టం, మొన్న వరలక్ష్మీ వ్రతానికి తాంబూలాలన్నిటికీ ఇంటి ఆకులే. తులసి మాత్రం ఎంత ప్రయత్నించినా నీడలో నిలవలేదు, పొడుగ్గా సాగి, ఆకు పలచబడి పోయింది. గేటు దిమ్మ మీద కుండీలో పెట్టాక బాగుంది, అక్కడికి ఎండ వస్తుంది.

నర్సరీ ఆయన చెప్పనిది ఒక్కటే, నత్తలు. బెంగళూరులో వానాకాలం రాగానే అరచేతిలో సగం ఉండే ఆఫ్రికా నత్తలు వస్తాయి, నీడ, తడి, రాలిన ఆకులు ఉంటే ఇంకా ఇష్టం. ఒక్క రాత్రిలో పీస్ లిల్లీకి ఈనెలే మిగిల్చాయి. మందులేమీ వేయలేదు, పాప తిరుగుతుంది కాబట్టి. రాత్రి తొమ్మిదికి టార్చ్ పట్టుకుని, చేతికి కవరు తొడుక్కుని ఏరి ఉప్పు నీళ్ల బకెట్‌లో వేశాం, పది రోజులు వరసగా. వట్టి చేతులతో ముట్టుకోవద్దు, వాటిలో మనుషులకి జబ్బు తెచ్చే పురుగులు ఉండొచ్చు. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ జోలికి మాత్రం అవి రాలేదు.

ఇప్పుడు మా పని లెక్క: వేసవిలో వారానికి ఒకసారి కానుగ కింద రెండు బకెట్లు, కుళాయి పక్కకి రోజు విడిచి రోజు ఒక బకెట్, వానాకాలంలో ఏమీ లేదు. రాలిన కానుగ ఆకుల్ని మొక్కల మధ్యకి ఊడ్చేస్తాం, అవే కప్పు, అవే ఎరువు. ఏడాదికి రెండుసార్లు వర్మీకంపోస్ట్ గుప్పెడు గుప్పెడు. నెలకోసారి ఆకుల మీద దుమ్ము కడగాలి, మా రోడ్డు దుమ్ము అలాంటిది.

కొట్టు గురించి మిగిలినవి చెప్పేస్తాను. రేట్లు చవక కావు, మామూలు. బేరం ఆడితే ఒకటో రెండో స్పైడర్ పిల్లలు ఊరికే ఇస్తారు. ఇంటికొచ్చి నాటే సర్వీసు లేదు, అది పెద్దవాళ్లకి ఇబ్బందే. చచ్చిన మొక్కకి బదులు ఇవ్వరు, ఆ మాట ముందే చెబుతారు. పార్కింగ్ అస్సలు లేదు, జనవరిలో, ఆగస్టులో లాల్‌బాగ్ ఫ్లవర్ షో జరిగే రోజుల్లో ఆ వైపు వెళ్లనే వెళ్లొద్దు, రోడ్డు కదలదు. మామూలు రోజు పొద్దున తొమ్మిదిలోపు వెళ్లండి, పెద్దాయన అప్పుడు నీళ్లు పెడుతూ ఉంటారు, తీరిగ్గా మాట్లాడతారు. మూడు పూటల ఫోటోలు తీసుకునే వెళ్లండి, రెండోసారి తిరగక్కర్లేదు.